రిమార్కుల గడిలో మేక

ఒబుయా వాళ్ళమ్మ అంటారు ఆమెను.
సొంత పేరు అడిగితే
"అది పుట్టింట్లోనే ఉండిపోయింది, పోయి తెచ్చుకో" అంది.
ఫారంలో అలాగే రాశాను:
ఒబుయా తల్లి. న్యకాచ్.
అరెకరం అలసంద, మూడు మేకలు.

విక్టోరియా సరస్సు ఆమె గుమ్మంలోంచి కనిపిస్తుంది.
కనిపిస్తుంది, అంతే.
నీటికీ చేనుకీ మధ్య
ఒక కొండవాలు, ఒక మోటారు ఖరీదు.

సరస్సు నిండా గుర్రపుడెక్క.
ఫొటోలు తీసుకునేవాళ్ళకి ఊదాపూల తివాచీ,
ఆమె మొగుడు ఒడెరోకి
ఇంటికి రానివ్వని పచ్చగోడ.
ఓసారి నాలుగు రాత్రులు పడవ అందులో ఇరుక్కుపోయింది.
ఐదోరోజు మనిషి వచ్చాడు, వల రాలేదు.
అప్పట్నించీ చేపల మాటెత్తడు,
రోడ్డు పక్కన కూచుని సైకిళ్ళకి పంక్చర్లు వేస్తాడు.

ఆ డెక్కనే మేం కిసుములో
బస్తాలకొద్దీ మోయించి, తరిగి, ఎండబెట్టి,
క్షారంలో ఉడకేసి, తెల్లబడేదాకా కడిగి
రుబ్బాం.
రుబ్బిందే రుబ్బాం,
తలవెంట్రుకని నిలువునా పదివేల పోగులు చీలిస్తే
ఒక్క పోగు ఎంతుంటుందో
అంత సన్నమయ్యేదాకా.
చివరికి సీసాలో మిగిలింది
చల్లారిన గంజిలాంటిదేదో.
పడవల్ని పట్టుకున్న నారే అది.
ఇప్పుడు నీళ్ళని పట్టుకుంటుంది,
వేరు అడిగినప్పుడు
పిసినారి వడ్డించినట్టు కాస్త కాస్త వదుల్తుంది.

ఇదంతా ఆమెకి లువో భాషలో చెప్పాను.
'నానో' దగ్గర మాట దొరక్క
చూపుడువేలూ బొటనవేలూ దగ్గర చేసి,
ఇంకా దగ్గర చేసి,
గాలి దూరనంత దగ్గర చేసి చూపించాను.
ఆమె నా వేళ్ళు విడదీసి చూసింది.
"ఇక్కడేం లేదు."
"అవునమ్మా. కంటికి ఆనదు."
"ఆననివి నాకు తెలుసులే.
నా రెండోదాన్ని ఎత్తుకుపోయిన జ్వరం
కనపడి వచ్చిందా?
కనపడనిది మేలు చేసిందంటే మాత్రం
ఇప్పటిదాకా వినలేదు.
వేసి చూడు."

పన్నెండు సాళ్ళు.
ఆరింటికి గంజి, ఆరింటికి ఒట్టి మన్ను.
ఏది ఏదో నా పుస్తకంలో తప్ప ఎక్కడా రాయలేదు.
మార్చిలో రావలసిన వాన
ఏప్రిల్ మూడోవారం మొహం చూపించి
చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది.
వారంవారం బస్సెక్కి వచ్చి
స్కేలు పెట్టి ఆకులు కొలిచాను.
తేడా ఉంది. ఉందా?
నేను కోరుకున్నందుకే ఉందా?
రాత్రి అద్దెగదిలో అంకెల్ని కూడుతూ
నన్ను నేనే నమ్మలేదు.

ఏడోవారం వెళ్ళేసరికి
మేక తాడు తెంపుకుంది.
ఆరు సాళ్ళు మొదలంటా మేసేసింది.
మిగతా ఆరూ
వాడిపోయి, ముట్టుకోకుండా ఉన్నాయి.
పుస్తకం తెరిచి చూశాను.
మేసినవన్నీ గంజి పోసినవే.
ఒకటీ తప్పలేదు.

దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.
జీతం లేదు, ఆశ లేదు,
నివేదిక ఇచ్చే తొందర లేదు.
ఒబుయా తల్లి తెగిన తాడు చేత్తో పట్టుకుని
నాకంటే ముందు నవ్వింది:
"నీ చదువంతా ఒక్క రాత్రిలో చదివేసింది."
తర్వాత నవ్వు ఆపేసింది.
ఆ సాళ్ళల్లో ఆమె కూరాకు కూడా ఉంది.

మా డైరెక్టరమ్మ ఫోన్లో అంది,
కొలతలు లేనివి లెక్కలోకి రావు, కొట్టేయమని.
కొట్టేశాను.
రిమార్కుల గడిలో మాత్రం ఒక్క మాట రాశాను:
మేక.

బయల్దేరుతుంటే ఒడెరో వచ్చాడు,
చేతులకి రబ్బరు జిగురు.
సంచిలోంచి సీసా తీసి
వెలుతురుకి పట్టుకున్నాడు.
వంచాడు. గంజి ఆలస్యంగా వంగింది.
చాలాసేపటికి అడిగాడు,
"నా వల కూడా ఇందులోనే ఉందా?"

బస్సు హారన్ కొట్టింది.
ఫారం అటూ ఇటూ తిప్పాను.
ఆ మాట రాసుకునే గడి
అందులో లేదు.